సీమోను చెప్పని పేర్లు

(1941 జూలైలో కామారెడ్డిలోని ఒక పఠన మందిరంలో జరిగిన సంతాప సభలో, ప్రజా సంఘం అధ్యక్షుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు రామస్వామి చేసిన ప్రసంగం)

అమ్మలారా, అయ్యలారా, వానలో తడుస్తూ వచ్చిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా,

కూర్చోండి. లోపల చోటు దొరకనివారు వసారాలో నిలబడండి. తలుపులు మూయకూడదని మాకు చెప్పారు. అందుకే జల్లు లోపలికి కొడుతోంది. కాసేపు ఓర్చుకోండి.

ఎల్లారెడ్డి నుంచి వచ్చినవారున్నారు. గాంధారి వైపు తండాల నుంచి బురదలో నడిచి వచ్చినవారున్నారు. భిక్నూర్ నుంచి రైలు పట్టాల వెంబడి వచ్చినవారున్నారు. అందరికీ నమస్కారం. తలుపు పక్కన కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులకు కూడా నమస్కారం. వారి పని వారిది. రాసుకోవడానికి వీలుగా నేను నెమ్మదిగానే మాట్లాడతాను.

మన సీమోను లేడు. ఇరవై మూడేళ్ల మనిషి లేడు. పదకొండు రోజుల కిందట భిక్నూర్ పక్కన వాళ్ల ఊరిలో అతన్ని మట్టిలో పెట్టి వచ్చాం. తల్లి మరియమ్మ, తండ్రి యాకూబు ఇదిగో, ముందు వరుసలో చాప మీద కూర్చున్నారు. వారి ఎదుట నిలబడి మాట్లాడటానికి నాకు ఏం అర్హత ఉంది? మీరెవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. నేనే అడుగుతున్నాను. జవాబు కూడా నేనే చెబుతాను, కానీ కొంచెం ఆగి చెబుతాను. నాకు ధైర్యం చాలాలి.

ఈ సభకు అనుమతి ఇస్తూ షరతులు పెట్టారు. రాజకీయం మాట్లాడకూడదు. ఏ దొర గడి పేరూ, ఏ ఠాణా పేరూ, ఏ అధికారి పేరూ ఎత్తకూడదు. పొద్దు గూకక ముందే ముగించాలి. అన్నిటికీ ఒప్పుకున్నాను. మాట తప్పను. ఒక్క మనిషి గురించి మాత్రం చెబుతాను. ఆ మనిషి బతుకులో రాజకీయం తీసేస్తే ఏమీ మిగలకపోతే, అది నా తప్పు కాదు.

సీమోనును మీలో చాలామంది మన ధాన్యపు బజారు గంజ్‌లో చూసే ఉంటారు. చేతిలో దబ్బనం, భుజం మీద పురికొస. ధాన్యం బస్తాల మూతులు కుట్టేవాడు. ఏడో తరగతి దాకా చదివాడు. తండ్రికి మోకాళ్ల నొప్పులు వచ్చి కూలికి పోలేని రోజు నుంచి చదువు మానేసి ఈ పనిలో చేరాడు. బక్కపలచని మనిషి. గొంతు మాత్రం పెద్దది. ఆ గొంతు నేను మొదట విన్నది ఇక్కడే, ఈ కిటికీ దగ్గరే.

మూడేళ్ల కిందట ఎండాకాలంలో మా ప్రజా సంఘం సభ ఇదే గదిలో జరిగింది. నేను గంటసేపు మాట్లాడాను. యువకులు మేల్కోవాలి, యువకులు ముందుకు రావాలి, యువకులే మన ప్రాణం అని మాట్లాడాను. జంపఖానా మీద వకీళ్లు, వర్తకులు, పంతుళ్లు కూర్చుని తలలు ఊపారు. ఎవరికైనా సందేహాలున్నాయా అని చివరలో అడిగాను. లోపల ఎవరికీ లేవు. కిటికీ అవతల ఎండలో నిలబడిన ఒకతనికి ఉంది.

"సారూ, గంట సేపటిసంది యువకులు, యువకులు అంటున్నరు. లోపట మీసం నెరవనోడు ఒక్కడన్న ఉన్నడా?"

అందరూ నవ్వారు. నేనేం జవాబిచ్చానో తెలుసా? నీ మీసం నెరిసినాక రా నాయనా, అప్పుడు జంపఖానా మీద చోటిస్తాం అన్నాను. అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. అతనూ నవ్వాడు. నేను గెలిచాననుకుని ఇంటికి పోయాను.

తర్వాతి సభకు అతను పదకొండు మందిని తీసుకుని వచ్చాడు. వచ్చి గోడ వెంబడి కూర్చున్నారు. జంపఖానాలు పరవమన్నాం, పరిచారు. మంచినీళ్లు తెమ్మన్నాం, తెచ్చారు. ఇక బయటకు వెళ్లమన్నాం, వెళ్లలేదు. గొడవ చేయలేదు, ఎదురు మాట్లాడలేదు. కూర్చున్నారు, అంతే. ఆ తర్వాతి సభకూ వచ్చారు. ఆ తర్వాతి సభకూ వచ్చారు. చివరికి మాలో ఒక పెద్దమనిషి కోపం ఆపుకోలేక, మీ వయసెంత, మీకిక్కడ ఏం పని అని కసిరాడు. సీమోను లేచి నిలబడి, చేతులు కట్టుకునే చెప్పాడు.

"వెట్టికి పిలిచేటప్పుడు మా వయసు ఎవ్వలూ అడుగుతలేరు. మాట చెప్పేటప్పుడే అడుగుతున్నరు."

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నాకు ఆ మాట బాగా గుర్తుంది, ఎందుకంటే నేను తల దించుకుని నా ముందున్న కాగితాలు సర్దుకున్నాను. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

మిత్రులారా, అతను అడిగింది చిన్న సంగతి. సంఘం కార్యవర్గంలో ఇరవై నాలుగు స్థానాలున్నాయి. అందులో ఎనిమిది స్థానాలు ఇరవై అయిదేళ్ల లోపు వారికి ఇవ్వమన్నాడు. వెట్టి గురించి దరఖాస్తు రాసేటప్పుడు, ఆ వెట్టి చేసే పిల్లలు పక్కన కూర్చుని ఒక మాట చెప్పనివ్వమన్నాడు. ఇంతే. ఇదేమైనా తిరుగుబాటా? మేం దానికి కూడా ఒక అడ్డంకి వెతికాం. నూరు మందికి పైగా యువకులు మీ వెంట ఉన్నారని రుజువు చూపండి, పేర్లన్నీ ఊరి వారీగా కాగితం మీద రాసి తెండి, అప్పుడు ఆలోచిస్తాం అన్నాం. ఒక్క ఏడాదైనా గడిచిపోతుందనుకున్నాం.

గంజ్‌లో పని పలచబడగానే అతను ఊళ్ల మీద పడ్డాడు. ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లు, గాంధారి తండాలు, అటు పెద్దకొడప్‌గల్ దాకా. అన్నీ కాలినడకనే. ఆ పెద్దకొడప్‌గల్ వైపే ఒక ఇంట్లో ఒక అవ్వ అతనికి జొన్న గటక పోసి కూర్చోబెట్టిందట. అతను తిని చేతులు కడుక్కుంటుంటే అన్నదట.

"నా కొడుకు వస్తడు నాయినా, నేను ఆపను. గానీ పేరు రాయకు. రాసిన పేరును ఎవలో ఒకలు చదువుతరు."

సీమోను ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. ఆ రోజు దాకా రాసిన కాగితాన్ని ఆ అవ్వ పొయ్యిలోనే పెట్టి వచ్చాడు. అప్పటి నుంచి ఒక్క పేరు రాయలేదు. అన్నీ కంఠతా పట్టాడు.

ఇది అప్పటికి నాకు తెలియదు. చలికాలంలో ఒకరోజు గంజ్‌కు వెళ్లి, జాబితా ఏదీ అని అడిగాను. కూర్చోండి సారూ అని ఒక బస్తా చూపించాడు. కుట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో బస్తా మూతికి పద్నాలుగు కుట్లు. ఒక్కో కుట్టుకు పెదవులు ఒకసారి కదిలేవి. శబ్దం బయటకు వచ్చేది కాదు. పది బస్తాలు అయ్యాయి. పదకొండో బస్తా మీద మూడు కుట్లు వేసి ఆగాడు. నూట నలభై మూడు పేర్లు. అందులో పంతొమ్మిది మంది ఆడపిల్లలన్నాడు. నాకు కూడా చెప్పవా అని అడిగాను. మీకు తెలువకపోతేనే మీకు మంచిది సారూ అన్నాడు. నా మంచి గురించి నా కంటే అతనే ఎక్కువ ఆలోచించాడని అప్పుడు నాకు అర్థం కాలేదు.

పేర్లు ఎలా సంపాదించాడో ఒక్క సంగతి చెబుతాను. ఒక తండాకు రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ అక్కడి పిల్లలు నోరు తెరవలేదు. మూడోసారి వెళ్లేసరికి వాళ్లంతా వెట్టికి మూటలు మోస్తున్నారు. ఎవరి మూటలు, ఎవరి డేరాలు అని అడగకండి, షరతు ఉంది. సీమోను ఒక మూట తలకెత్తుకుని, మండుటెండలో వాళ్లతో రెండు కోసుల దూరం నడిచాడు. మూటలు దించినాక పద్దెనిమిదేళ్ల ఒక పిల్ల అతన్ని నిలదీసింది.

"నిన్నెవ్వలు పిలువలేదు గదా. ఎందుకు మోసినవ్?"

"నిన్ను పిలిచినోళ్లు నిన్ను అడిగి పిలిచిండ్రా?" అన్నాడు సీమోను.

 ఆ పిల్ల తన పేరు చెప్పింది. ఆ పేరు నాకు తెలియదు. తెలిసినా ఇక్కడ చెప్పను.

అమ్మలారా, అయ్యలారా, ఇప్పుడు నేను ఆగి చెబుతానన్న సంగతికి వస్తున్నాను.

ఈ వేసవిలో ఎల్లారెడ్డిలో సభ పెట్టాలని నిర్ణయించాం. కాగితం మీద జాబితా లేదు గనుక, ఆ ఎనిమిది స్థానాల సంగతి అక్కడే చేతులెత్తి తేల్చాలి. సభకు అనుమతి కావాలి. దరఖాస్తు మీద బాధ్యుల సంతకం కావాలి. సంతకం చేయవలసింది ఎవరు? అధ్యక్షుడు. అధ్యక్షుడెవరు? నేను. కానీ ఆ వారంలోనే ఒక పెద్దమనిషి నన్ను ఇంటికి పిలిచి చాయ్ తాగించి, ఈ ఏడాది సంతకాలు చేసిన వాళ్లకు మంచి జరగదని మర్యాదగా చెప్పి పంపాడు. గొంతు పెంచలేదు. నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వు నాతో ఇంటిదాకా వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం సీమోను దరఖాస్తు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేను వంటింటి తలుపు వెనక్కి పోయి నిలబడ్డాను. సారు భిక్నూర్ పోయిండు అని చెప్పమని నా భార్య శాంతవ్వకు సైగ చేశాను. ఆమె చెప్పింది. నా చెప్పులు గడప బయటే ఉన్నాయి. అతను వాటిని చూశాడు. తలుపు సందులోంచి అతను చూడటం నేను చూశాను. అతను అరుగు మీద కూర్చుని, దరఖాస్తు మోకాలి మీద పెట్టుకుని, నా పేరు ఉండవలసిన చోట తన పేరు రాశాడు. శాంతవ్వను మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

యాభై ఆరేళ్ల మనిషిని నేను. ముప్పై అయిదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. తలుపు వెనక నిలబడ్డాను. మరియమ్మా, యాకూబూ, ఇది మీకు ఈ ఉదయమే చెప్పుకున్నాను. ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను. రాసుకుంటున్న వారు ఇది కూడా రాసుకోవచ్చు.

మృగశిర కార్తె ప్రవేశించిన మూడో రోజు ఎల్లారెడ్డి సభ జరిగింది. నేను సిగ్గు లేకుండా వెళ్లి అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాను. నూట నలభై మంది పిల్లలు వచ్చారు. ఒకచోట కూర్చోలేదు. పెద్దవాళ్ల మధ్య, ఆడవాళ్ల మధ్య, సంతకు వచ్చిన వాళ్ల మధ్య ఒక్కొక్కరుగా కలిసిపోయి కూర్చున్నారు. అది సీమోను చెప్పిన ఉపాయం. ఎనిమిది స్థానాల తీర్మానానికి ఒప్పుకునేవారు చేతులెత్తండి అన్నాను. మిత్రులారా, నా జన్మలో అంతమంది చిన్నవాళ్ల చేతులు ఒకేసారి లేవడం నేను చూడలేదు. తీర్మానం నెగ్గింది. ఒక ముసలాయన నా పక్కనే ఏడ్చాడు. సీమోను వేదిక కింద నిలబడి నవ్వుతున్నాడు.

కానీ ఆ చేతులను మేమొక్కరమే లెక్కపెట్టలేదు. దూరంగా పెద్దలెక్కే కచ్చడం బండిలో కూర్చున్న ఒక మనిషి కూడా లెక్కపెట్టాడు. సభ ముగిసి అందరూ వెళ్తుంటే, వాగు దాటే చోట ఇద్దరు నిలబడి ప్రతి ఒక్కరినీ మీ ఊరేది, మీ తండ్రి ఎవరు అని అడిగారు. పిల్లలు ఏవేవో ఊళ్లు చెప్పి దాటారు. ఆ రోజు దాటారు.

నాలుగో రోజు పగటిపూట ఇద్దరు మనుషులు గంజ్‌కు వచ్చారు. పెద్దలు పిలుస్తున్నారు, ఒక్క మాట అడిగి పంపిస్తారు అన్నారు. తోటి హమాలీలు చుట్టూ మూగారు. సీమోను వాళ్లను వెనక్కి జరగమన్నాడు. చేతిలో ఉన్న బస్తా మూతి పూర్తిగా కుట్టి, పురికొస తెంపి, ముడి వేసి లేచాడు. అయిదు రోజులు. ఆ అయిదు రోజులూ తల్లి ఎన్ని గడపలు తొక్కిందో, ఎందరి కాళ్లు పట్టుకుందో నేను చెప్పలేను. ఎక్కడికి పోయినా ఒకే జవాబు. ఇక్కడ లేడు. ఇక్కడ లేడు. ఇక్కడ లేడు.

ఆరో రోజు ఉదయం భిక్నూర్ దగ్గర రైలు కట్ట పక్కన అతన్ని ఒక బండి దింపి వెళ్లింది. ఒంటి మీద పెద్ద గాయాలు కనబడలేదు. దెబ్బలన్నీ లోపలే ఉన్నాయి. నీళ్లు తాగినా కడుపులో నిలవలేదు. ఎనిమిది రోజులు బతికాడు. కాగితం మీద జ్వరం అని రాశారు. 

మూడో రోజు నేను వెళ్లాను. మరియమ్మ నన్ను లోపలికి రానిచ్చింది. నన్ను చూడగానే సీమోను లేవబోయాడు. నేను ఆపాను. తీసుకుపోయినవాళ్లు అడిగిందల్లా పేర్లేనట. చేతులెత్తిన వాళ్ల పేర్లు, ఊళ్లు. వెనక నుంచి నడిపించే పెద్దమనిషి ఎవరని కూడా అడిగారట. ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు.

"ఒక్క పేరు చెప్పలే సారూ. ఒక్కసారి మాత్రం మీ పేరు నోటి దాక వచ్చింది. అదీ చెప్పలే."

అతను నన్ను నిందించలేదు. దయచేసి అలా అనుకోకండి. చేసిన పని పెద్దలకు వచ్చి చెప్పుకునే అలవాటు అతనిది, అలాగే చెప్పాడు. నేను అతని పక్కన నేల మీద కూర్చుండిపోయాను. నా పేరు చెప్పి ఉంటే? ఒక్క మాట. రామస్వామి అనే ఒక్క మాట. ఆ మాట చెప్పి ఉంటే ఈ రోజు అతను మాట్లాడుతూ ఉండేవాడేమో, మీరు నా కోసం వచ్చి కూర్చునేవారేమో. అది న్యాయంగా ఉండేది కాదా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీకు తీపి మాటలు చెప్పను. అతని మరణం తర్వాత అందరి గుండెలూ గట్టిపడ్డాయని చెబితే అది అబద్ధం. నాలుగు ఇళ్లు సోదా చేశారు. కొందరు పిల్లలు బోధన్ వైపు కూలికి వెళ్లిపోయారు. కొందరిని తల్లిదండ్రులు చుట్టాల ఇళ్లకు పంపేశారు. ఒక తండాలో అయితే సీమోను పేరు ఎత్తవద్దని పెద్దలు ఒట్టు పెట్టించారట. వాళ్లను నేను తప్పుపట్టను. ఇళ్ల ముందు కొత్త మనుషులు తచ్చాడుతున్నారు. సంతలో పక్కన నిలబడి ఊరికే మాట కలుపుతున్నారు. ముందు ముందు ఇంకా ఏం వస్తుందో నాకు తెలియదు. వచ్చేది చిన్నది కాదని మాత్రం తెలుసు.

అయినా ఒక పని ఆగలేదు. ఈ ఉదయం కార్యవర్గం కూర్చుంది. ఎల్లారెడ్డి తీర్మానాన్ని అమలులో పెట్టింది. ఎనిమిది మంది పెద్దలు తమ స్థానాలు వదులుకున్నారు. అందులో మొదటివాడిని నేను. నా అధ్యక్ష పదవి ఈ సభతో ముగుస్తుంది. వచ్చే అమావాస్యకు ఆ ఎనిమిది చోట్లా ఎనిమిది మంది యువకులు, యువతులు కూర్చుంటారు. వారెవరో ఈ రోజు చెప్పను. పేరు చెప్పుకుని, తల ఎత్తుకుని, పట్టపగలు వచ్చి కూర్చునే రోజు కూడా వస్తుంది. ఆ రోజును తెచ్చుకోవలసింది వారే. నాలాంటి వాళ్లం చేయగలిగింది ఒక్కటే. అడ్డు తప్పుకోవడం.

ఇంకొక్క సంగతి. ఈ సభ కోసం పెట్టిన దరఖాస్తు మీద సంతకం నాది. నిన్న మధ్యాహ్నం ఒక చప్రాసి మా ఇంటికి కాగితం తెచ్చాడు. గురువారం నాడు నేను హాజరు కావాలట. ఎక్కడికో చెప్పకూడదు. సీమోనును తీసుకుపోయిన చోటికే. ఒక్క మాట అడిగి పంపిస్తారట.

నేను వెళ్తున్నాను. శాంతవ్వకు చెప్పాను. ఆమె ఏడ్చి, నా ధోవతి ఉతికి ఆరవేసింది. నా వెంట ఎవరూ రావద్దు. గంజ్ మూయవద్దు. ఊళ్లలో నాట్లు ఆపవద్దు. నేను తిరిగి వస్తే ఆ గోడ వెంబడి ఒక మూల కూర్చుని, పిల్లలు చెప్పేది వింటాను. తిరిగి రాకపోతే నా కోసం సంతాప సభ పెట్టకండి. కార్యవర్గ సమావేశం పెట్టండి.

పొద్దు వాలుతోంది. ఇచ్చిన గడువు దగ్గరపడింది. ఇక మిగిలింది ఒక్కటే పని.

ఈ ఉదయం మరియమ్మ నా దగ్గరికి వచ్చి ఒక మాట కోరింది. "లేసి నిలవడుమని ఎవ్వలనూ బలవంతం చెయ్యకు సారూ. అందరికీ పిల్లలున్నరు. భయపడ్డోళ్లను సిగ్గుపడనియ్యకు." ఆమె మాటే నా మాట. లేవలేనివారు కూర్చునే ఉండండి. వారి దుఃఖం తక్కువది కాదు. మీ పక్కవారు లేవకపోతే వారి వంక చూడకండి. లేచేవారు సీమోను కోసం లేవండి. రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడదాం.

యాకూబుకు మోకాళ్లు వంగవు. పక్కనున్నవారు ఇద్దరు చేయి అందించండి.

మరియమ్మ లేచింది. అయ్యలారా, అమ్మలారా, మనమూ లేద్దాం.